బావిలో వదిలేసిన మోటారు

పోయిన వారం సౌందరాన్ని బావి గట్టు మీద, నీళ్లు తోడే కపిల ఎద్దుల పగ్గం చేతిలో పెట్టి నిలబెట్టి వచ్చేశాం. ఆమె అప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉందని కాదు గానీ, కోపం మాత్రం దిగలేదు. మరిచిపోయిన వాళ్ల కోసం రెండు మాటలు. కోయంబత్తూరికి తూర్పున వాగుపాళెంలో అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే బావి. అన్న నారాయణసామి, సౌందరం మొగుడు, మిల్లులో రాత్రి షిఫ్టు మేస్త్రీ. తమ్ముడు కృష్ణరాజ్ అదే మిల్లులో వాటాదారు. వీళ్ల నాయన బతికుండగా భూమిని రెండు ముక్కలు చేశాడు. బావిని ముక్కలు చెయ్యలేక రోజులు పంచాడు. మూడు పొద్దులు పెద్దవాడివి, మూడు పొద్దులు చిన్నవాడివి. ఆ వంతునే అక్కడ ముర అంటారు. తెల్లవారి మిల్లు సంగు ఊదితే, అంటే సైరన్ కూస్తే, ఒకరి ముర దిగి ఇంకొకరి ముర ఎక్కుతుంది. ఆ బావిలోకి కృష్ణరాజ్ కరెంటు మోటారు దించాడు. తన మూడు పొద్దులూ పగలనక రాత్రనక తోడించి, వదిన ముర వచ్చేసరికి బావి అడుగు చూపించాడు. సౌందరం తోలుబాన వదిలితే రాయి తగిలిన చప్పుడు వచ్చింది. మనం ఆగింది అక్కడ.

మర్నాడు సంగు ఊదకముందే సౌందరం మళ్లీ బావి దగ్గరికి వచ్చింది. ఎద్దుల్ని కాడికి కట్టింది. తొట్టి దగ్గర గడ్డపారతో తన వైపు కాలువకి గండి తీసి, మరిది వైపు కాలువని మట్టితో మూసి కాలితో తొక్కింది. తర్వాత బావిలోకి తొంగి చూసింది. రాత్రంతా ఊట ఊరింది. అడుగున మోకాలి లోతు నీళ్లున్నాయి.

బాన వదిలింది. తోలుబాన నిండాలంటే మునగాలి, మునగాలంటే లోతుండాలి. అది కాస్తా నీళ్ల మీద గేదెలా పక్కకి ఒరిగి పడుకుంది. ఎద్దులు పల్లపు బాటలో దిగి లాగితే, పైకొచ్చిన బాన తొండంలోంచి తొట్టిలోకి నాలుగు చెంబుల నీళ్లు పడ్డాయి. అవి కాలువ మొదట్లోనే ఇంకిపోయాయి. ఇంకోసారి తోలింది. మళ్లీ అంతే.

ఎదురుగా ఆమె పత్తి. కంబోడియా రకం, పూత మీదుంది. ఈ ముర ఎండగడితే పై ముర దాకా ఆ మొక్క ఆగదు, పూతా పిందే కలిసి రాలిపోతాయి. అవి రాలితే ఆ తర్వాత జరిగేది సౌందరానికి బాగా తెలుసు. మొగుడు భూమిని తమ్ముడి చేతిలో పెట్టి, మిల్లు కూలీల లైను ఇళ్లలో ఒక గదికి మారిపోదాం అంటాడు. అంటాడనేమిటి, పోయిన ఆదివారం అన్నం తింటూ అనేశాడు కూడా. ఆ రోజు ఆమె ఆయన కంచంలోకి ఇంకో గరిటె పులుసు వెయ్యలేదు.

బావి గోడలో సగం లోతున రాయి తొలిచి కట్టిన అరుగు మీద మోటారు కూర్చునుంది. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, నుదుట కుంకుమ బొట్టు, మెడలో వాడిన బంతిపూల దండ. కొత్తల్లుడికి కూడా అన్ని మర్యాదలు జరగవు. దాని గొట్టం అడుగున తవ్విన గుంటలోకి దిగి ఉంది. బాన మునగని ఆ నీళ్లే ఆ గొట్టానికి చాలు, ఇంకా మిగులుతాయి కూడా. నీళ్లు కళ్ల ముందున్నాయి, తన మురలో ఉన్నాయి, తనకి అందవు.

అట్లా మోటారుని మింగేసేలా చూస్తుంటేనే పోయిన వేసవి గుర్తొచ్చింది.

పోయిన వేసవిలో ఆమె ఎద్దుకి కాలు బెణికింది. దానికి కట్టు కట్టే హడావిడిలో ముర దిగేలోపు తాడూ బానా విప్పుకోవడం మరిచిపోయింది. సంగు ఊదింది. కృష్ణరాజ్ మనుషులు ఆమె తాడుతో, ఆమె బానతో మూడు పొద్దులూ దర్జాగా నీళ్లు తోడుకున్నారు. తిరిగి ఇచ్చేసరికి బాన తొండం చిరిగి పీలికలైంది. ఇదేం పని అని అడిగితే, ఇదే గట్టు మీద నిలబడి మరిది ఎంతో మర్యాదగా చెప్పాడు. బావిలో వదిలేసింది ముర వాళ్లది వదినా, నాయన పెట్టిన కట్టుబాటు అని.

సౌందరం పెదాల మీదికి నవ్వొచ్చింది. నిన్నటి నుంచీ ఆ ముఖంలో నవ్వన్నది లేదు. ఆమె ఎద్దుల కాడి విప్పింది, తాడూ బానా చుట్టి పక్కన పెట్టింది. పని మొదలవకుండానే అయిపోయిందేమిటా అన్నట్టు ఎద్దులు ఆమె వంక చూశాయి. వాటిని నీడన కట్టేసి, మోటారు స్విచ్చి ఉన్న గది వైపు నడిచింది.

ఆ గది బావి గట్టు మీదే, కొత్త సున్నంతో తెల్లగా ఉంది. దాని ముందు బల్ల మీద టౌను నుంచి వచ్చిన మోటారు మేస్త్రీ శంకరన్ ముసుగు తన్ని పడుకున్నాడు. మొదటి నెల మోటారుని కనిపెట్టుకుని ఉండడానికి కృష్ణరాజ్ తెచ్చుకున్న మనిషి.

"శంకరా, లే. గది తెరువు."

అతను కళ్లు నులుముకుంటూ లేచాడు. "ఏమ్మా? ఈరోజు మీ ముర కదా?"

"ఆమా, నా ముర. అందుకేదా తెరవమంటా ఉండా." ఆ ఊళ్లో ఆమా అంటే అవును, మాట చివరి దా ప్రశ్న కాదు, గట్టిగా చెప్పడం.

"తాళంచెవి ముదలాళి దగ్గర ఉండాదమ్మా."

"అయితే పోయి మీ ముదలాళిని పిలుచుకొని రా. వదిన మోటారు ఏస్తుందంట అని చెప్పు."

శంకరన్ పంచె సర్దుకుని ముదలాళి కోసం, అంటే యజమాని కోసం, పరుగెత్తాడు. ఆ పరుగులో దారిలో కనిపించిన వాళ్లందరికీ సంగతి చెప్పుకుంటూ పోయాడు కాబోలు, కృష్ణరాజ్ వచ్చేసరికి అతని వెనక సగం వీధి వచ్చింది. అందరికంటే చివర, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మెల్లగా నడుస్తూ అత్త తంగమ్మాళ్ వచ్చింది. ఆమె చిన్నకొడుకు ఇంట్లోనే ఉంటుంది. కోడళ్ల తగాదాల్లో తలదూర్చదని ఊళ్లో ఆమెకి మంచి పేరు.

కృష్ణరాజ్ ఇస్త్రీ చొక్కా, చేతి గడియారం, ప్రశాంతమైన ముఖం. వదినని ఏనాడూ ఏకవచనంలో పలికినవాడు కాదు. గట్టిగా అరిచే మనిషైతే సౌందరానికి ఈపాటికి సగం పని సులువయ్యేది.

"ఏం వదినా, పొద్దున్నే?"

"మోటారు ఏయాల. తాళంచెవి ఇయ్యి."

"మోటారు నాది కదా వదినా."

"బావిలో ఉండాది కదప్పా."

కృష్ణరాజ్ చుట్టూ చేరిన వాళ్ల వైపు చూసి చిన్నగా నవ్వాడు. "మీకు కోపం వచ్చింది, నాకు తెలుసు. కానీ నేను ఏం తప్పు చేసినానో చెప్పండి. మీ మురలో ఒక చుక్క తోడినానా? సంగు ఊదకముందే స్విచ్చి దించేసినా. నాయన ఏమని చెప్పినారు? మూడు పొద్దులు నీవి అన్నారు. నా పొద్దుల్లో నేను ఎద్దుల్ని తోల్తానో, మోటారు ఏస్తానో, అది నా ఇష్టంకదా?"

గుంపులో ఇద్దరు ముగ్గురు తలలూపారు. మాట నిక్కచ్చిగా ఉంది మరి. నిన్న రాత్రంతా సౌందరం పక్క మీద దొర్లి దొర్లి ఆలోచించినా ఆ మాటకి జవాబు దొరకలేదు. ఇప్పుడు మాత్రం నోటికి దానంతటదే వచ్చింది.

"మామ పొద్దులు పంచినారు, నీళ్లు పంచలేదు. ఏమిటికి? అబుడు నీళ్లు తోడేది ఎద్దులేదా. ఎద్దుకి ఆకలేస్తుంది, కాళ్లు నొస్తాయి, పొద్దుగూకితే పండుకుంటుంది. అది పండుకున్నప్పుడు బావి ఊరుతుంది. ఒగ పొద్దు ఇచ్చినారంటే ఇంత నీళ్లు ఇచ్చినట్టే లెక్క. నీ మోటారు పండుకోదు కదా, కృష్ణరాజూ? పండుకోనిదాన్ని తెచ్చి బావిలో పెట్టి, పండుకునేదాని లెక్క నాకు చెప్తావా?"

"కాలం మారుతా ఉండాది వదినా." అతని గొంతు ఇంకా మెత్తబడింది. "ఇబుడు నేను దించినా, ఏడాది తిరిగితే ఊరంతా దించుతుంది. ఎద్దుల రోజులు అయిపోయినాయి. మీరు సుమ్మా, ఊరికే ఎండలో ఇట్లా కష్టపడేది ఏమిటికి? అన్నకి మిల్లులో పని ఉండనే ఉండాది. లైను ఇల్లు నేను ఇప్పిస్తా. భూమి నేను చూసుకుంటా. హాయిగా ఉండండి."

ఆ హాయి అన్న మాట సౌందరానికి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"నాకు ఎద్దులే కావాలని నీకు ఎవరు చెప్పినారు?" ఆమె గొంతు లేచింది. "మోటారు మీద నాకు పగ ఉండాదా? దాన్ని దించిన రోజు మొదటి బొట్టు పెట్టింది నేను. కరెంటు కంబాలు పాతేదానికి చోటు కావాలని నీవు వచ్చి అడిగితే, నా పత్తిలో చెట్లు పీకించి చోటు ఇచ్చినా. పాతినవాళ్లకి మజ్జిగ పోసినా. మంచిది వస్తా ఉండాది, రానీ అనుకున్నా. ఇబుడూ అదే అంటా ఉండా. మోటారు మంచిది. అందుకేదా నాకూ కావాల."

"కావాలంటే కొనుక్కోండి."

"ఏమిటికి కొనాల? నీవు బావిలో వదిలేసినావు. నా ముర ఎక్కింది."

ఒక్క క్షణం కృష్ణరాజ్‌కి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అతని ముఖంలో ఆ ప్రశాంతత పక్కకి జరిగి, కింద ఇంకో ముఖం తొంగి చూసింది.

"పోయిన వేసవిలో నా బాన చించి ఇచ్చినావు. నేను అడిగితే ఏమన్నావు? ఇక్కడేదా నిలబడినావు. అది నీ నోటితో ఇంకోసారి చెప్పు, వీళ్లందరూ వినాల."

"అది తాడు, బాన. ఇది మోటారు!"

"అత్తా." సౌందరం గుంపు చివరికి చూసింది. "నేను చెప్తే కోడలి మాట అంటారు. కృష్ణరాజు చెప్తే కొడుకు మాట. ఆ రోజు మామ పక్కన మీరు ఉండినారు. ముర దిగినవాడు బావిలో ఏదైనా వదిలేస్తే అది ఎవరిది?"

అందరూ తంగమ్మాళ్ వైపు తిరిగారు. ఆమె చిన్నకొడుకు వంక చూసింది, పెద్దకోడలి వంక చూసింది, చివరికి బావి వంక చూసింది. కొడుకు పెట్టే అన్నం తింటున్న మనిషి. ఎన్నేళ్లుగానో నోరు కట్టుకుని మంచిపేరు తెచ్చుకున్న మనిషి. ఈరోజూ కట్టుకుంటుందనే అందరూ అనుకున్నారు. సౌందరం కూడా లోపల అదే అనుకుని భయపడుతోంది.

"ముర దిగేవాడు బావిని ఖాళీ చేసి ఇయ్యాల," అంది తంగమ్మాళ్. "తాడో, బానో, గిలకో, ఏది వదిలినా ముర అయ్యేదాకా ముర వాళ్లది. మీ నాయన చెప్పినది అదిదా."

"అమ్మా! మోటారూ బానా ఒకటేనా?"

"నీళ్లు తోడేది ఏదైనా బానేదా."

"దాన్ని దించేదానికి మూడు దూలాలు కట్టి, ఊళ్లో మొగవాళ్లందరూ గొలుసు పట్టినారు. ప్రతి మురకీ పైకి తీసేది ఎట్లామ్మా?"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పాకింది. పాపం కృష్ణరాజ్ మోటారు కోసం మదరాసు దాకా పోయొచ్చాడు, గుర్రాల బలం విచారించాడు, గొట్టం వెడల్పు విచారించాడు. ముర దిగేటప్పుడు ఈ బరువుని ఏం చెయ్యాలన్నది మాత్రం విచారించలేదు. ఆ బావి గట్టున పుట్టి పెరిగినవాడు, పోయిన వేసవిలో ఆ కట్టుబాటుని తనే వదిన నెత్తిన కొట్టినవాడు, మోటారు ఇనపదని, ఖరీదైనదని, కట్టుబాట్లు దాన్ని చూసి పక్కకి తప్పుకుంటాయని అనుకున్నాడు.

"అది దించకముందు ఆలోచించాల్సింది," అంది సౌందరం.

కృష్ణరాజ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆమె చేతికి ఇవ్వలేదు, తొట్టి పక్కన బురదలోకి విసిరాడు. "ఏసుకోండి. శంకరా, నువ్వు చెయ్యి పెట్టొద్దు. ఏం జరిగినా మనకి సంబంధం లేదు. కరెంటు మనిషిని పట్టుకుంటే వదలదు, ఆ మాట ముందే చెప్తా ఉండా."

సౌందరం వంగి బురదలోంచి తాళంచెవి తీసుకుంది. సరిగ్గా అప్పుడే సైకిల్ గంట వినిపించింది. నారాయణసామి షిఫ్టు దిగి వస్తున్నాడు. తల మీద, కనుబొమల మీద దూది పింజలు. గుంపుని చూసి సైకిల్ దిగాడు, తల్లిని చూశాడు, పెళ్లాం చేతిలో తాళంచెవిని చూశాడు.

"బాగా వచ్చినావు అన్నా," అన్నాడు కృష్ణరాజ్. "వదినకి నీవే చెప్పు. నా మోటారుకి ఆమె చెయ్యి తగిలిందా, ఈ రాత్రి నుంచి నీవు మిల్లుకి రావాల్సిన పనిలేదు."

నారాయణసామి సైకిల్ స్టాండు వేశాడు. సౌందరం ఆయన వంక చూడలేదు. చూస్తే ఆ ముఖంలో ఏం కనిపిస్తుందో ఆమెకి తెలుసు, అది చూసి కాళ్లు వెనక్కి లాగుతాయేమోనని భయం. గది తాళం తీసి తలుపు తోసింది. గోడకి నల్లటి స్విచ్చి పెట్టె, మూలన శంకరన్ గడ్డపార, ఒక ఇత్తడి బిందె. మోటారు వెయ్యకముందు పంపులోకి నీళ్లు పొయ్యాలని ఆమెకి తెలుసు. మరిది ముర మూడు రోజులూ శంకరన్ పోస్తుంటే ఊరంతా చూసింది. బిందె చంకన పెట్టుకుని, బావి గోడకి పొడుచుకొచ్చిన రాతిమెట్ల మీద కిందికి దిగింది.

అడుగున బిందె ముంచింది, అరుగు ఎక్కి పంపు నోట్లో పోసింది, మళ్లీ దిగి ముంచింది. నీళ్లు అంచుదాకా వచ్చి నిలబడ్డాక మూత బిగించింది. బొట్టు పెట్టిన రోజు తర్వాత మోటారుని అంత దగ్గరగా చూడడం ఇదే. నూనె వాసన, వాడిన బంతిపూల వాసన కలిసి వస్తున్నాయి. పోవే, నీకూ నాకూ ఏం తగాదా ఉంది అనుకుని, పైకి ఎక్కేసింది.

మోచేతుల దాకా నీళ్లు కారుతుండగా గదిలోకి వెళ్లి స్విచ్చి మీదికి చెయ్యి చాచింది.

"అయ్యయ్యో, వేండామ్మా!" శంకరన్ ముదలాళి ఆజ్ఞ మరిచిపోయి కేక పెట్టాడు. "తడి చేత్తో వేండాం, వద్దు! ప్రాణం పోతుంది!"

ఆమె చెయ్యి గాలిలో ఆగింది. చీర మొత్తం తడిసి ఉంది, తుడుచుకోవడానికి ఒంటి మీద పొడి గుడ్డ లేదు. గుమ్మంలో నీడ పడింది. నారాయణసామి లోపలికి వచ్చాడు. ఆపడానికే వచ్చాడనుకుని సౌందరం పళ్లు బిగించింది.

ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. దాన్ని దులిపితే దూది ఎగిరింది. ఆమె కుడి చెయ్యి పట్టుకుని, వేళ్ల సందుల్లో కూడా ఒత్తి ఒత్తి తుడిచాడు. తర్వాత ఎడమ చెయ్యి. శంకరన్ కూర్చునే చెక్కపీట కాలితో జరిపి, దాని మీద నిలబడమని కళ్లతో చూపించాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురి ముందు ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదే.

పీట ఎక్కి స్విచ్చి పైకి నెట్టింది.

బావిలో మోటారు ముందు మూలిగింది, తర్వాత అందుకుంది. గట్టు మీది గొట్టం రెండుసార్లు దగ్గింది. మూడోసారి తొట్టిలోకి మనిషి తొడంత లావు నీళ్లు దూకాయి. నాలుగు చెంబుల కోసం ఎద్దులు రొప్పిన తొట్టి చూస్తుండగానే నిండి, ఆమె తీసిన గండిలోంచి, ఆమె కాలువలోకి, ఆమె పత్తి వైపు పరుగెత్తింది. సౌందరం గదిలోంచి బయటికొచ్చి ఆ నీళ్ల పక్కనే పరుగెత్తింది. అట్లా పరుగెత్తి ఎన్నాళ్లయిందో. నవ్వుతోంది, ఏడుస్తోంది, కాలువకి అడ్డం పడిన మట్టిపెళ్లల్ని కాలితో తన్నుతోంది. నీళ్లు మొదటి చాలు అందుకున్నాయి. ఎండి బూడిదరంగు తిరిగిన మట్టి వాటిని గుటుక్కున తాగి నల్లబడింది. రెండో చాలు కూడా సగం నల్లబడింది.

అక్కడ ఆగిపోయింది.

మోటారు చప్పుడు లేదు. కాలువలో నీళ్లు వెనకబడి, పలచబడి, చివరికి తడి మిగిలింది. సౌందరం వెనక్కి వచ్చింది. గది బయట గోడకున్న ఇనప పెట్టె తలుపు తెరిచి ఉంది. దాని పక్కన కృష్ణరాజ్ నిలబడి, చేతిలో తెల్లటి పింగాణీ ముక్క అటూ ఇటూ తిప్పుతున్నాడు. అది ఫీజు. మళ్లీ ప్రశాంతమైన ముఖం పెట్టుకున్నాడు.

"మోటారు బావిలో వదిలినా. సరి, అది మీ మురదా. అమ్మ చెప్పింది, నేను కాదనలేదు. కానీ కరెంటు నేను బావిలో వదల్లేదు వదినా. అది నా పేరు మీద, తీగె మీద వచ్చింది. కరెంటుకి ముర లేదు."

సౌందరం అత్త వైపు చూసింది. తంగమ్మాళ్ తల దించుకుంది. ఆమె మాత్రం ఏం చెప్తుంది, మామ పోయేనాటికి ఆ ఊళ్లో ఎవరూ కరెంటుని కళ్లతో చూసి ఉండలేదు. చూడనిదానికి కట్టుబాటు ఎవరు పెడతారు? గుంపు మెల్లగా కదలబోయింది. ఆట అయిపోయిందని అందరికీ తెలిసిపోయింది. నారాయణసామి గది గుమ్మంలో తువ్వాలు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఉద్యోగం పోయింది, నీళ్లూ రాలేదు.

ఏడవకూడదని సౌందరం తల పైకెత్తింది. తలెత్తితే తీగె కనిపించింది. గది కప్పు మీంచి బయల్దేరి, గట్టు దాటి, ఒక కంబం ఎక్కి, సాగి, ఇంకో కంబం ఎక్కి, అక్కడి నుంచి రోడ్డు మీది పెద్ద లైనుకి పోయింది. ఆ రెండు కంబాలూ ఆమె పత్తిలో ఉన్నాయి. ఆమె పీకించిన మొక్కల చోట్లో, ఆమె మజ్జిగ తాగిన మనుషులు పాతినవి.

"కరెంటు తీగె మీద వచ్చింది," అంది నెమ్మదిగా. "తీగె దేని మీద వచ్చింది, కృష్ణరాజూ?"

అతను జవాబు చెప్పేలోపే ఆమె తొట్టి దగ్గర పొద్దున వదిలిన గడ్డపార అందుకుంది. తడిసిన చాలు దాటి మొదటి కంబం దగ్గరికి నడిచింది. కొంగు నడుముకి బిగించి, కంబం మొదట్లో గడ్డపార దించింది. మట్టి ఇంకా గట్టిపడలేదు, ఒక్క పోటుకే పెళ్ల లేచింది. పైన తీగె ఊగింది. దాని మీద వాలిన కాకులు అరుస్తూ లేచిపోయాయి.

"అమ్మా! అమ్మా, ఆగండి!" శంకరన్ నెత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి, పదడుగుల దూరంలో ఆగిపోయాడు. "తీగెలో కరెంటు అట్లే ఉండాది! ఫీజు తీస్తే మోటారు ఆగుతుంది, పైన తీగె చావదు. కంబం పడితే అందరూ పోతాం!"

"అయితే మీ ముదలాళికి చెప్పు, ఫీజు పెట్టమని." ఇంకో పోటు పొడిచింది. "మోటారు చప్పుడు వినబడేదాకా నేను ఆపను."

"వదినా, పిచ్చి పట్టిందా మీకు?" కృష్ణరాజ్ గొంతు మొట్టమొదటిసారి చీలింది. "అది సర్కారు లైను! పోలీసులు వస్తారు!"

"రానీ. నా నేల ఎవరిదని వాళ్లనే అడుగుతా."

"అన్నా! ఏం చూస్తా ఉండావు? పోయి పట్టుకో ఆమెని!"

సౌందరం వెనక్కి తిరగలేదు. ఇంకో పోటు, ఇంకో పెళ్ల. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. మెట్ట మట్టిలో పరుగులాంటి నడక, ఆమెకి పరిచయమైన నడక. ఇప్పుడు భుజం మీద చెయ్యి పడుతుంది, గడ్డపార లాక్కుంటాడు, ఇంటికి పోదాం పద అంటాడు. ఆమె గడ్డపారని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఈసారి ఇవ్వకూడదు. ఎవరడిగినా ఇవ్వకూడదు.

అడుగులు దగ్గరికొచ్చాయి. ఆగలేదు. ఆమెని దాటి, పత్తి చాళ్ల మధ్య నుంచి ముందుకి పోయాయి. కాసేపటికి రెండో కంబం మొదట్లో, గది మూలన ఉన్న శంకరన్ గడ్డపారని నారాయణసామి దించిన చప్పుడు వినిపించింది.